తమ్ముడి చేతికి తగలని కోత

మొన్న మా వీధి మందుల షాపు ఆయన నన్ను కేకేసి పిలిచి, ఫోనులో తెప్పించుకున్న పేకకట్ట ఒకటి చేతిలో పెట్టాడు. మ్యాజిక్ కట్ట అట. పెట్టె మీద బంగారు అక్షరాలు, లోపల ఎలా వాడాలో చెప్పే మడత కాగితం, ముక్కలకు కొత్త వార్నిషు వాసన. "పెద్దాయనా, నీకు తెలుస్తాది గదా, చూసి చెప్పు. ఎన్ని స్టార్లు ఇయ్యొచ్చు? కొన్నోళ్ళంతా రాయల్లంట" అన్నాడు. నేను కట్టను ఒకసారి అటూ ఇటూ తిప్పి, "నాకు తెలీదప్పా" అని వెనక్కిచ్చి ఇంటికి వచ్చేశాను. పాపం, ఏదో మాట పట్టింపు అనుకుని ఉంటాడు. బళ్ళారిలోని ఈ సత్యనారాయణపేటలో ఒకప్పుడు అలాంటి కట్ట బాగుందో లేదో తేల్చాలంటే నా దగ్గరికే రావాలని అతనికి ఎవరో చెప్పి ఉంటారు. వాళ్ళు చెప్పింది నిజమే. కానీ పేకకట్టను పట్టుకుని 'బాగుంది' అనే మాట నా నోట వచ్చి చాలా ఏళ్ళయింది. ఆ మాట ఎందుకు పోయిందో ఇప్పుడైనా రాసిపెట్టకపోతే నాతోపాటే పోతుంది.

నేను బడికి వెళ్ళింది నాలుగో తరగతి దాకా. తరువాత చదివిందంతా పొట్లాల కాగితాల మీద. వాచీలు బాగుచేసే చిన్న డబ్బా కొట్టు పెట్టుకున్నాక, ఒకసారి పాత కాగితాల మూటలో అట్ట లేని ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అందులో చేతుల బొమ్మలు, చేతుల్లో పేకముక్కలు. ఒక్కో ఇంగ్లీషు మాటకూ నిఘంటువు వెతుక్కుంటూ ఆ పుస్తకం చదవడానికి నాకు రెండు వానాకాలాలు, రెండు ఎండాకాలాలు పట్టాయి. అది అయిపోయేసరికి నాకు కొంచెం ఇంగ్లీషూ వచ్చింది, కొంచెం మ్యాజిక్కూ వచ్చింది. రెండింటికీ ఊళ్ళో ఒకే మర్యాద. బడుల్లో, పెళ్ళిళ్ళలో, గణేశుడి పందిళ్ళలో ఆడాను. ఆడిన ప్రతిచోటా వెనక వరసలో నుంచి ఎవడో ఒకడు "అంతా మోసమప్పా" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. మోసమని ముందే చెప్పి, టికెట్టు లేకుండా, పిల్లల్ని నవ్వించేవాడు మోసగాడట! తూకం రాయి కింద అయస్కాంతం అంటించేవాడు మాత్రం శెట్టిగారట! ఆ కోపం ఇంకా తగ్గలేదు. ఆ కోపంలోనే నేను చేసిన తప్పు కూడా ఉంది కాబట్టి చెబుతున్నాను.

నా ఆటలకు కట్టలు కోసిచ్చేది మా షడ్డకుడు. అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. పెళ్ళి పత్రికలు అచ్చువేసే ప్రెస్సులో కటింగ్ మిషను మీద పని. తక్కువ మాటల మనిషి. వంద కాగితాల దొంతరను బొటనవేలితో మీటి, తొంభై ఎనిమిదే ఉన్నాయని చెప్పగలడు. మామూలు పేకకట్టను మిషను కింద పెట్టి, ముక్క ఒక కొస దగ్గర మామూలు వెడల్పుతోనూ, రెండో కొస దగ్గర వెంట్రుకవాసి సన్నగానూ ఉండేట్టు వాలుగా కోస్తాడు. అన్ని ముక్కలూ ఒకే దిక్కుకు ఉన్నంతసేపు అది ఒట్టి కట్టే. ఒక ముక్కను తిప్పి పెట్టామా, దాని వెడల్పు కొస మిగతావాటి సన్న కొసల మధ్య నుంచి వెంట్రుకంత బయటికి వస్తుంది. కంటికి కనబడదు. తెలిసిన వేళ్ళకు తగులుతుంది. ఎవరు ఎంత కలిపినా సరే, రెండు పక్కలా పట్టి లాగితే అది నా చేతిలోకి వచ్చి పడుతుంది. కోశాక మూలలు మళ్ళీ గుండ్రంగా చేయాలి. దానికి గోళ్ళు తీసే కత్తెర, ఉప్పుకాగితం, చివర్న మా ఆవిడ ముఖానికి పూసుకునే పౌడరు. పౌడరు డబ్బా ఎందుకంత తొందరగా అయిపోతుందో ఆమెకు చాలాకాలం తెలియలేదు. తెలిశాక కొన్నాళ్ళు మా ఇద్దరికీ టీ ఇవ్వలేదు.

కోయడం ఒక ఎత్తు, కోసింది బాగుందో లేదో తేల్చడం ఇంకో ఎత్తు. అది నా పని. కట్టను ఎండకు అడ్డంగా పట్టుకుని అంచు చూడాలి. మెరుపు ఎక్కడా తెగకూడదు. చెవి దగ్గర పెట్టుకుని ముక్కలు జారవిడవాలి. ఆ శబ్దం కోయని కట్ట శబ్దంలాగే ఉండాలి. వాచీ గుండె చప్పుడు విని జబ్బు చెప్పే చెవి కదా నాది, అందులో తప్పు పోయేది కాదు. అన్నిటికంటే పెద్ద పరీక్ష చివరిది. కోత ఎక్కువైతే చూసేవాళ్ళ చేతికి దొరికిపోతాం. తక్కువైతే వేదిక మీద కంగారులో నా వేళ్ళకే తగలదు. నా వేళ్ళకు తగలాలి, పరాయి వేళ్ళకు తగలకూడదు. ఆ పరాయి వేళ్ళు మా తమ్ముడివి.

మా తమ్ముడు సొంతూళ్ళోనే ఉండి సేద్యం చూసుకునేవాడు. హగరి ఏటి ఒడ్డున మాది. పత్తి, మిరప, కొంత జొన్న. వాడి అరచేతులు ఎద్దుల పగ్గాలకూ మిరప కాటుకూ ఆరి చెప్పుతోలులాగా అయిపోయి ఉండేవి. ప్రతి సోమవారం ఏదో ఒక పని మీద బళ్ళారికి వచ్చి, మా ఇంట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, చేతులు శుభ్రంగా కడుక్కుని, స్టూలు మీద కూర్చునేవాడు. కడుక్కోమని రెండుసార్లు చెప్పేవాణ్ణి. నూనె అంటితే కట్ట పోతుంది. అప్పుడు కొత్త కట్ట వాడి చేతిలో పెట్టేవాళ్ళం. వాడు కలిపేవాడు, తడిమేవాడు, ముక్క ముక్కా ఎగాదిగా చూసేవాడు. చివరికి "ఏమీ లేదన్నా, ఒట్టి ముక్కలే" అనేవాడు. ఆ మాట వస్తేనే కట్ట పాసైనట్టు. తరువాత బహుమానంగా వాడికి ఒక ఆట చూపించేవాణ్ణి. వాడు తీసి దాచిన ముక్కను నేను బయటికి తీయగానే, ఇద్దరు పిల్లల తండ్రి, మీసాలున్న మనిషి, స్టూలు మీద ఎగిరి కూర్చుని, "అరే! ఎట్ల కనుక్కుంటివన్నా? సుమ్నే చెప్పన్నా, ఊరికే, ఎవురికీ చెప్పను" అనేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. గుట్టు చెబితే విద్య పోతుందని ఆ అట్ట లేని పుస్తకంలో ఉంది మరి. పుస్తకం రాసినవాడికి మా తమ్ముడు తెలియడు.

అంతలో ఇనుప గనుల కాలం వచ్చింది. దాని గురించి తెలియనివాళ్ళకు చెప్పాలంటే, ముందు ధూళి సంగతి చెప్పాలి. ఎర్రటి ధూళి. ఆరేసిన పంచె ఎర్రగా, అన్నం మీద మూత తీస్తే మూత ఎర్రగా, వాచీ విప్పితే పళ్ళచక్రాల మధ్య ఎర్రగా. మా మట్టిని చైనావాళ్ళు కొంటున్నారంటే మొదట నవ్వాం. తరువాత లారీలు రోడ్డు నిండా ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడటం చూసి నవ్వు మానేశాం. నిన్నటిదాకా బాకీలవాళ్ళకు ముఖం చాటేసినవాడు కారులో ఏసీ వేసుకుని అద్దం దించకుండానే పలకరించేవాడు. రోడ్డు పక్క పొలాలన్నీ ఖనిజం కుప్పలు పోసే యార్డులయ్యాయి. మా తమ్ముడు కూడా రోడ్డు పక్క మెట్టచేను ఇచ్చేశాడు. ధూళి పడి పత్తికి ఎలాగూ పూత నిలవడం లేదు. బావి దగ్గరి నాలుగెకరాలు మాత్రం ఉంచుకున్నాడు. కానీ రోజంతా పనిచేసిన చేతులకు పని సగమైపోయింది. యార్డు పక్కన కొత్తగా రేకుల షెడ్డు కట్టి, కూలరు పెట్టి, రిక్రియేషన్ క్లబ్బని బోర్డు వేశారు. లారీ ఓనర్లు, పొలాలు ఇచ్చిన రైతులు అక్కడ మూడు ముక్కలాట ఆడేవాళ్ళు. మా తమ్ముడు మొదట టీ కోసం వెళ్ళాడు.

ఆ రోజుల్లోనే ఒకాయన మా కొట్టు ముందు దిగాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. ఊరంతా ఎర్రగా ఉన్నప్పుడు అంత తెల్లగా ఉండగలిగాడంటే కారు దిగని ఉద్యోగమని అర్థం. ఖనిజం రవాణా చేసే యజమాని దగ్గర మనిషినని చెప్పుకున్నాడు. "మా యజమానుల కూతురు బర్త్‌డే ఉండాది సార్. బెంగళూరు నుంచి మ్యాజిక్ ఆయన వస్తాండాడు. వచ్చిన పిల్లోల్లకంతా ఒగో మ్యాజిక్ కట్ట గిఫ్టు ఇయ్యల్ల. ముప్పై కట్టలు కావల్ల" అన్నాడు. నేను ఒక ఆట చూపించాను. చప్పట్లు కొట్టాడు. "మీరు బెంగళూరులో ఉండాల్సినోరు సార్, ఈడ ఈ దుమ్ములో యాల కూర్చోనుండారు?" అన్నాడు. నన్ను సార్ అన్నవాళ్ళు అంతకుముందు ఇద్దరే. ఒకడు పోస్టుమాన్, ఒకడు నా కొట్టు వీధికి అడ్డమని నోటీసు ఇచ్చినవాడు.

పక్కనే ఉన్న మా షడ్డకుడు తల గోక్కుని, "పిల్లోల్ల చేతికి ఇంత సన్న కోత ఏంటికప్పా? రవంత లావుగా కోస్తే వాళ్ళకే సులువు గదా" అని అడిగాడు. తెల్లబట్టలాయన వెంటనే, "లేదు లేదు, సన్నగానే ఉండల్ల. ఎవురి చేతికీ తగలగూడదు" అన్నాడు. మా షడ్డకుడు ఇంకో మాట అడగబోయాడు. నేనే అడ్డం పడ్డాను. "పనితనం తెలిసిన మనిషి. అందుకే అట్ల అడుగుతాండాడు. నువ్వు కొయ్యి" అన్నాను. జీవితమంతా 'మోసమప్పా' అన్న మాట విని విని, మొదటిసారి ఒక మనిషి నా కోత సన్నదనాన్ని గుర్తించాడని నా ఛాతీ పొంగింది. ఇప్పుడు ఆ పొంగు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ముప్పై కట్టలూ మా తమ్ముడి చేతుల మీదుగానే వెళ్ళాయి. కొన్ని సోమవారాలపాటు వాడు ఓపికగా కూర్చుని ఒక్కోదాన్నీ తడిమి, "ఒట్టి ముక్కలే" అంటూ పక్కన పెట్టాడు. ఒక్క కట్ట దగ్గర మాత్రం ఆగి, "ఈడేదో గీసుకుంటాందన్నా" అన్నాడు. నేను ఆ కట్టను పక్కన పారేసి, దాని బదులు ఇంకోటి కోయించాను. వాడు పట్టుకోగలిగిన ఒక్క కట్టనూ ఏరి అవతల పడేసింది నేనే.

ఆ ఏడు దీపావళి పాడ్యమి వచ్చింది. మా వైపు ఎప్పుడూ పేక ముట్టనివాడు కూడా పాడ్యమి నాడు ఒక్క ఆటైనా ఆడాలంటారు; ఏడాదంతా కలిసొస్తుందట. పొద్దున్నే మా మరదలు, తమ్ముడి భార్య, ఆటోలో వచ్చి గడప అవతలే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బావా, బాయికాడి నాలుగెకరాల కాగితాలు పెట్టెలోంచి ఎత్తుకోని క్లబ్బుకు పోయినాడు. ఎద్దులమ్మింది చెప్పల్యా నేను, ట్రాక్టరు పోయింది చెప్పల్యా. ఇదొగటే మిగిలుండేది. నీ మాటైతే ఇంటాడు, నువ్వు రా" అంది. ఎద్దులు అమ్మిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. సోమవారాలు వాడు రావడం తగ్గించాడని కూడా నేను గమనించలేదు. ముప్పై కట్టలు పాసైపోయాయి, వాడి చేతులతో నాకు పని లేదు.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం. షెడ్డులో కూలరు గాలి, మల్లెపూల అగరుబత్తి, బల్ల మీద పచ్చగుడ్డ. మా తమ్ముడు నన్ను చూసి వెలిగిపోయాడు. "రాన్నా, రా, కూర్చో" అని తన తువ్వాలుతో కుర్చీ తుడిచాడు. బల్ల అవతల ముక్కలు పంచుతున్నది తెల్లబట్టలాయన. నన్ను చూసి బెదరలేదు. "ఓహో, మ్యాజిక్ సార్!" అని లేచి నిలబడి నమస్కారం కూడా చేశాడు. నేను వంగి కట్ట చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలు అంచు మీద జారిందో లేదో, మా కట్టేనని తెలిసిపోయింది. కోసింది మా షడ్డకుడు. బాగుందన్నది నేను. తగల్లేదన్నది మా తమ్ముడు.

అక్కడే, అప్పుడే, ఒక్క ముక్కలో చెప్పి ఉండాల్సింది. 'ఈ కట్ట కోసింది, లెయ్యిరా' అంటే సరిపోయేది. వాణ్ణి చెయ్యి పట్టుకుని లాగినా సరిపోయేది. పెద్దవాణ్ణి, వాడు ఎదురాడేవాడు కాదు. నోరు తెరిచాను కూడా. తెల్లబట్టలాయన నాకంటే ముందు, "పండగ పూట ఒగటి చూపీండి సార్" అన్నాడు. పది ముఖాలు నా వైపు తిరిగాయి. పది ముఖాలు తిరిగితే నేనేమవుతానో ఆయనకు తెలుసు. కొట్టు ముందే చూశాడు. నేను మనసులో మాత్రం, 'చెబితే ఎవడు నమ్ముతాడు, చూపిస్తే తీరుతుంది' అనుకున్నాను. అదే సాకు. మా తమ్ముడితో ఒక ముక్క తీయించాను. అందరికీ చూపించమన్నాను. వాడు చూపించేలోపు నా చేతిలో కట్ట తిరిగిపోయింది. ముక్క లోపల పెట్టించి, ఇద్దరు లారీ ఓనర్ల చేత కలిపించాను. అంతటితో ఊరుకున్నానా? మా తమ్ముడి తువ్వాలు తీసుకుని కళ్ళకు గంత కట్టుకున్నాను. దొంగతనం బయటపెట్టడానికి వచ్చినవాడికి కళ్ళగంతలు ఎందుకో ఇన్నేళ్ళయినా నాకు జవాబు దొరకలేదు. ఇస్పేటు రాజును తీశాను. తరువాత అడక్కుండానే, వాళ్ళు ముందే తిప్పి పెట్టుకున్న నాలుగు ఆసులనూ ఒక్కొక్కటిగా తీసి పచ్చగుడ్డ మీద పరిచాను. రేకులు అదిరేట్టు చప్పట్లు. ఎవరో ఈల వేశారు. నేను గంత విప్పి, తల వంచి, రెండు చేతులూ జోడించి అందరికీ నమస్కారం పెట్టాను.

నమస్కారం పెట్టాకనే మాట వచ్చింది. "ఇది మ్యాజిక్కు కాదప్పా! ముక్కలు కోసుండాయి. నేను లాగినట్లే వీళ్ళూ లాగుతాండారు. మిమ్మల్నందర్నీ దోస్తాండారు!" అని అరిచాను. ఒక లావుపాటి లారీ ఓనరు పొట్ట పట్టుకుని నవ్వుతూ, "మ్యాజిక్కోళ్ళు అంతేనప్పా. మొదలు చేస్తారు, ఆమేల మోసమంటారు, ఆమేల దానికంటే పెద్దది చేస్తారు" అన్నాడు. "సార్, ఇన్నొందు, ఇన్నొందు!" అని ఇంకొకడు. ఇంకొకటి చేయమట! నేను మా తమ్ముడి చేతిలో ఒక ముక్క కుక్కి, "తడుమురా, ఈ అంచు తడిమి చూడు, ఈ కొసకూ ఆ కొసకూ" అన్నాను. వాడు నా మాట కాదనలేదు. బొటనవేలితో పైనుంచి కింది దాకా శ్రద్ధగా రుద్దాడు. రెండోసారి రుద్దాడు. నవ్వుతూ నా ముఖంలోకి చూసి, "ఏమీ లేదన్నా, ఒట్టి ముక్కే" అన్నాడు. తరువాత పక్కవాళ్ళ వైపు తిరిగి, "మా అన్నప్పా! ఎట్ల చేసినాడు చూసినారా!" అన్నాడు. వాడి ముఖంలో అంత గర్వం నేను అంతకుముందు చూడలేదు.

నన్ను తోసెయ్యలేదు, తిట్టలేదు. ఇద్దరు వచ్చి మర్యాదగా రెండు భుజాలు పట్టుకుని, చేతిలో స్వీటు డబ్బా పెట్టి, ఆటో ఎక్కించారు. వీధుల్లో దీపాలు పెట్టే వేళకు బావి దగ్గరి నాలుగెకరాలు పోయాయి.

మరుసటి రోజు ప్రెస్సుకు వెళ్ళి మా షడ్డకుడితో చెప్పాను. అతను మిషను ఆపి అంతా విన్నాడు. "నేను అడిగితి గదప్పా" అన్నాడు. అంతే. మళ్ళీ మిషను వేసుకున్నాడు. తరువాత బతికినన్నాళ్ళూ నాతో మంచిచెడ్డా మాట్లాడాడు కానీ పేకముక్క మాత్రం ముట్టలేదు, మా ఇంట్లో టీ తాగలేదు. నేను పోలీసులకు అర్జీ రాశాను. తెలుగులో రాస్తే కన్నడలో తెమ్మన్నారు. కన్నడలో రాస్తే రుజువు తెమ్మన్నారు. కోసిన కట్ట ఒకటి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి ఎలా లాగుతారో చూపిస్తే, పక్క గదిలోవాళ్ళు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఈసారి నమస్కారం పెట్టలేదు. పెట్టినా పెట్టకపోయినా వాళ్ళూ చప్పట్లే కొట్టారు.

కొన్నేళ్ళకు కోర్టు ఆపెయ్యమంటే గనులు ఆగిపోయాయి. లారీలు చక్రాలు కుంగి ఎక్కడివక్కడ నిలిచాయి. తెల్లబట్టలాయన ఎటు వెళ్ళాడో ఎవరికీ తెలియదు. మా బావి పూడిపోయి, దాని మీద ఖనిజం కుప్ప గడ్డకట్టి, ఆ కుప్ప మీద తుమ్మచెట్లు మొలిచాయి. మా తమ్ముడు భార్యాపిల్లలతో సిరుగుప్ప వైపు, కెంచనగుడ్డకు వెళ్ళిపోయాడు. తుంగభద్ర ఒడ్డున ఎవరిదో వరిమడిలో పని. నేను ముఖం చెల్లక చాలా ఏళ్ళు వెళ్ళలేదు. వెళ్ళిన రోజు వాడు గట్టు మీద కూర్చుని పార కడుగుతున్నాడు. లేచి, చేతులు పంచెకు తుడుచుకుని, "వచ్చినావా అన్నా, తింటివా?" అన్నాడు. మా మరదలు అన్నం పెట్టింది కానీ నా వైపు చూడలేదు. తిన్నాక ఇద్దరం ఏటి ఒడ్డున కూర్చున్నాం. నేను మొదటిసారి వాడికి గుట్టంతా చెప్పాను. కోత సంగతి, తిప్పడం సంగతి, సోమవారాల సంగతి, పక్కన పారేసిన ఆ ఒక్క కట్ట సంగతి. వాడు నీళ్ళ వైపు చూస్తూ విన్నాడు.

"అంతేనా?" అన్నాడు చివరికి. "ఇంతే ఉండెనా దాంట్లో?"

"ఇంతేరా. ఆపొద్దు చెప్పినా గదా, అందరి ముందర."

"చెప్పినావు. ఆట చేసి చెప్పినావు. ఆటలో చెప్పిందీ ఆటే అనుకుంటి. గంత కట్టుకోకుండా, సుమ్నే వచ్చి చెవిలో చెప్పింటే లేచి వస్తాంటినన్నా" అన్నాడు. కోపం లేదు వాడి గొంతులో. ఉంటే బాగుండేది. పొద్దు వాలుతోందని లేచి, పార భుజాన వేసుకుని మడిలోకి దిగిపోయాడు.

అది జరిగి ఇన్నేళ్ళు గడిచాయని అందరూ అంటారు. నా జుట్టు, నా మోకాళ్ళు కూడా అదే అంటాయి. నాకు మాత్రం చప్పట్లు మొదలవడానికీ నేను తల ఎత్తడానికీ మధ్య పట్టిన ఆ కాస్తసేపు ఇంకా గడవనే లేదు.